కుడికాలి బొటనవేలు

“ఆ ఫ్యాను ఆపవే తల్లీ! గాలి తగిలినా ప్రాణం పోతోంది!”

భార్య ఫ్యాను ఆపింది. మంచం చివర రెండు దిండ్ల మీద డ్రైవరు కుడికాలు ఉంది. బొటనవేలి మొదట్లో కీలు ఎర్రగా, నున్నగా పొంగిపోయింది. మూడు రోజులుగా ఇంట్లో అందరూ ఆ వేలికి దారిచ్చి నడుస్తున్నారు.

వారపు సెలవూ, మిగిలిన ఆఫులూ కలిసొచ్చి ఆ మూడు రోజులూ గడిచాయి. ఇప్పుడు గడియారం తొమ్మిది చూపిస్తోంది. ఒకటిన్నరకి బండి. నాలుగు గంటల దారి.

“ఇవాళ డ్యూటీకి ఎలా వెళ్తారు?”

“ఎలా వెళ్తానేంటి? రోజూ వెళ్లినట్టే.”

“ఏదీ, ఆ కాలు కిందపెట్టి చూపించండి.”

“నీకెందుకు చూపించాలి? నువ్వేమైనా డిపో మేనేజరువా?”

మేనేజరుకైతే అసలే చూపించడని ఇద్దరికీ తెలుసు. ఈ ఏడాది అదే కాలికి రెండుసార్లు సెలవు పెట్టాడు. మూడోసారి పెడితే వైద్యుల బోర్డు ముందుకి పంపిస్తారు. బోర్డుకి వెళ్లినవాడు మళ్లీ స్టీరింగు పట్టుకోవడం ఆ డిపోలో ఎవరూ చూడలేదు. టైర్ల గోడౌనులో స్టూలేసి కూర్చోబెడతారు. అరిగిన టైర్ల మీద సుద్దముక్కతో నంబర్లు వేసుకుంటూ అక్కడే రిటైరవ్వాలి.

డిపోలో ఈయన్ని పాలగ్లాసు అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఎవరో పందెం కట్టి డాష్‌బోర్డు మీద నిండుగా పాలగ్లాసు పెడితే, ఊరు దాటేదాకా చుక్క ఒలకలేదట. అందులో నిజమెంతో, క్యాంటీనులో కలిపిన నీళ్లెంతో గానీ పేరు మాత్రం పందొమ్మిదేళ్లుగా నిలిచిపోయింది. బ్రేకు వేస్తే నిద్రపోతున్న పసిపిల్ల కూడా లేవదని జనం చెప్పుకునే మనిషి. ఆ మనిషిని తీసుకెళ్లి టైర్ల మధ్య కూర్చోబెడతారంటే మింగుడుపడే సంగతి కాదు. భార్యకీ అది తెలుసు. తెలిసినా ఊరుకోలేకపోతోంది, అదే ఆమె బాధ.

మెట్ల మీద రొప్పుతూ ఆమె అత్తగారు వచ్చారు. చేతిలో ల్యాబువాళ్ల కవరు.

“నార్మలట! ల్యాబులో పిల్ల స్వయంగా చదివి చెప్పింది. యూరిక్ యాసిడ్డూ లేదు, గాడిదగుడ్డూ లేదు!”

డ్రైవరు కవరు లాక్కున్నాడు. కాయితం అటూ ఇటూ తిప్పి చూశాడు. మూడు రోజుల్లో మొదటిసారి అతని మొహం విప్పారింది.

“చూశావా? ఉండాల్సిన హద్దులోనే ఉంది. మూడు నెలల్నించీ నన్ను రోగిష్టిని చేసి కూర్చోబెట్టావు.”

“కాలు బెణికిందిరా అని నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నా. నా మాట ఎవరు వింటారు?” అన్నారు అత్తగారు. “అమ్మాయ్, ముందు ఆ ఫ్రిజ్ మీది కాయితం పీకిపారెయ్. ఇవాళ వాడికి కడుపునిండా కాస్త మాంసం వండిపెడతాను. చిక్కి శల్యమైపోయాడు.”

డ్రైవరు చిక్కలేదు. శల్యమైంది ఇంట్లో మిగతావాళ్లు.

ఆ కాయితం మీద డాక్టరమ్మ రాసినవి నాలుగే ముక్కలు. కాలేయం, మూత్రపిండాల్లాంటివి ముట్టుకోకూడదు. మాంసం, రొయ్యలు బాగా తగ్గించాలి. బీరు, తీపి కూల్‌డ్రింకులు మానేయాలి. రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగాలి. దానికింద అత్తగారు చెప్పి రాయించినవి ఇంకో పదిహేనున్నాయి. పక్కింటావిడ టమాటా వద్దంది. ఎదురింటాయన పాలకూర వద్దన్నాడు. బస్టాపులో ఎవరో చిక్కుడు గింజలు విషమన్నారు. అవేవీ మానక్కర్లేదని డాక్టరమ్మ చెప్పినా అత్తగారు చెవిన పెట్టలేదు. పైగా ఒకరికి పథ్యం, ఒకరికి భోజనం ఏం బావుంటుందని ఇల్లంతటినీ పథ్యంలో పెట్టారు. మూడు నెలలుగా ముగ్గురూ సొరకాయ, బీరకాయ తింటున్నారు. భార్య పనిచేసే కళ్లద్దాల దుకాణంలో ఆమె డబ్బా మూత తీస్తే, ఏం తెచ్చావని అడగడం కూడా మానేశారు.

“కాయితం తియ్యను. డాక్టరమ్మకి ఫోన్ చేస్తాను,” అంది భార్య.

“చెయ్యి. ఆవిడ కూడా విని సంతోషిస్తుంది.”

స్పీకరు పెట్టి ఫోను మంచం మీద ఉంచింది. డాక్టరమ్మ అంతా విని తాపీగా చెప్పింది.

“రక్తం ఎప్పుడిచ్చారు? మొన్నా? నొప్పి జోరులో ఉన్నప్పుడు ఆ అంకె తగ్గినట్టు కనిపించడం మామూలే. దాన్ని చూసి గౌటు జబ్బు లేదనుకోకూడదు. నొప్పి తగ్గాక రెండు మూడు వారాలకి మళ్లీ పరీక్ష చేద్దాం. రోజూ వేసుకోమన్న మాత్ర వేసుకుంటున్నారు కదా?”

డ్రైవరు కిటికీ వైపు చూశాడు.

“వేసుకుంటున్నాడమ్మా,” అన్నారు అత్తగారు.

భార్య లేచి బల్ల సొరుగు లాగింది. పాత రసీదుల కింద మాత్రల అట్టలు దొరికాయి. ఒక్క అట్టలో సగం ఖాళీ. మిగతావి విప్పనేలేదు.

“ఎప్పట్నుంచి ఆపేశారు?”

“నొప్పి తగ్గినప్పట్నుంచి.”

“రోజూ వేసుకోమన్నారుగా!”

“నొప్పి లేనప్పుడు మాత్రెందుకే? దారి ఖాళీగా ఉంటే బ్రేకు మీద కాలేసి నడుపుతారా ఎవరైనా? అవసరమైనప్పుడు తొక్కాలి, లేనప్పుడు వదిలెయ్యాలి. పందొమ్మిదేళ్లు బండి నడిపినవాణ్ణి, ఆ మాత్రం తెలీదా నాకు?”

ఫోను లోపల్నుంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది. “డ్రైవరు గారూ, అది బ్రేకు కాదండీ. ఇంజనాయిలు. బండి బాగానే నడుస్తోంది కదాని ఆయిలు తీసేస్తారా?”

జవాబు తోచనప్పుడు డ్రైవరుకి కోపం వస్తుంది.

“ఆ మాత్ర ఇప్పుడు మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి,” డాక్టరమ్మ చెబుతూనే ఉంది. “మొదట్లో అది నొప్పిని రేపొచ్చు కూడా. సాయంత్రం వచ్చి కనపడండి, ఎలా వేసుకోవాలో చెప్తాను. ఇంకోమాట. పూర్తిగా తగ్గేదాకా ఆ కాలితో బస్సు నడపడం మాత్రం...”

డ్రైవరు ముందుకి వంగి ఫోను కట్ చేశాడు. వంగడంలో దిండు కదిలి, గట్టిగా కేక పెట్టాడు.

“చూశారా?” అంది భార్య.

“ఏం చూడాలి? ఆవిడ డాక్టరు, ఎలాగూ అలాగే చెబుతుంది. రెండు నొప్పి మాత్రలు వేసుకుంటే గంటలో లేచి నడుస్తాను. నాకు అలవాటే.”

“అలవాటే అంటే?”

డ్రైవరు గోడవైపు తిరిగాడు.

భార్య బయటికొచ్చింది. ఆయన బండి నడపకపోతే చాలు, ఎలాగోలా ఈ ఒక్కరోజు గడిస్తే చాలు అనుకుంది. ఆమెకి తోచింది ఒక్కటే. డ్యూటీ బూట్లు దాచెయ్యాలి. బూట్లు లేకుండా బండి ఎక్కనివ్వరు.

గుమ్మం పక్క అలమరలో కింది అరలో ఉన్నాయి. ఎడమది తీసి సంచిలో వేసింది. కుడిది తియ్యబోతే చేతికి ఏదో మెత్తగా తగిలింది. వెలుతురులోకి తెచ్చి చూసింది. బొటనవేలు ఉండే చోట తోలు గుండ్రంగా కోసేసి ఉంది. లోపల్నుంచి దూది, పైన నల్లటి టేపు. టేపు మీద బూటు పాలిష్ కూడా వేశాడు మహానుభావుడు. టేపు అంచులు అరిగి దారాలు లేచాయి. ఇవాళో నిన్నో చేసిన పని కాదది.

ఆమె ఆ బూటు పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయింది.

పదకొండున్నరకి ఆమె తమ్ముడు స్కూటరు మీద వచ్చాడు. బావ నడిపే బస్సులోనే కండక్టరు. బావని రోజూ వెనకాల ఎక్కించుకుని డిపోకి తీసుకెళ్లేది అతనే. అక్క ఒళ్లో బూటు చూడగానే స్కూటరు ఆపినవాడు ఆపినచోటే నిలబడ్డాడు.

“నీకు తెలుసా?” అంది.

“అది... అక్కా...”

“ఎన్నాళ్లైంది?”

“నెల దాటింది.”

“నేనిచ్చే నీళ్ల సీసా నిండుగా ఎందుకొస్తోందిరా? ఆయన్నడిగితే డిపోలో తాగానంటున్నారు.”

తమ్ముడు మెట్టు మీద కూర్చున్నాడు. “నీళ్లెలా తాగుతాడక్కా? నాలుగ్గంటల దారి. మధ్యలో హోటల్ దగ్గర పది నిమిషాలు ఆపుతాం, అంతే. మూడు లీటర్లు తాగితే మైలుకోసారి బండి ఆపాలి. జనం ఊరుకుంటారా? మా డ్రైవర్లెవరూ తాగరు. బండెక్కే ముందు గొంతు తడుపుకుంటారు, దిగాక తాగుతారు.”

“హోటల్లో ఏం తింటారు?”

“ఏముంది, మామూలే.”

“మామూలంటే?”

“బస్సు తెచ్చి ఆపినందుకు హోటలువాడు డ్రైవరుకి విడిగా ప్లేటు పెడతాడుగా. కాలేయం వేపుడు. చల్లగా ఓ కూల్‌డ్రింకు. వద్దంటే వాడు మొహం మాడ్చుకుంటాడు.”

“నువ్వూ తింటావా?”

“నా కాలు బాగానే ఉంది కదక్కా!”

అన్నాక నాలిక కరుచుకున్నాడు. మూడు నెలలుగా తను మింగిన సొరకాయలన్నీ భార్యకి ఒక్కసారి గుర్తొచ్చాయి. నవ్వొచ్చేదే, ఒళ్లో ఆ బూటు లేకపోతే.

“ఇంకేం దాచారు మీరిద్దరూ?”

“ఏం లేదు.”

“నా కళ్లలోకి చూసి చెప్పు.”

తమ్ముడు చూడలేదు. చేతిలో స్కూటరు తాళాలు తిప్పుతున్నాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చినప్పటి గొంతుతో అన్నాడు. “అక్కా, పోయిన వారం అక్కడ కుక్క లేదు.”

పోయిన వారం బస్సుకి కుక్క అడ్డొచ్చిందని, పాలగ్లాసు గట్టిగా బ్రేకు వేశాడని, ఎవరో ఆవిడ ముందు సీటు కడ్డీకి కొట్టుకుని రెండు పళ్లు ఊడిపోయాయని డిపో అంతా చెప్పుకున్నారు. మూగజీవిని కాపాడాడని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

“కుక్క లేకపోతే మరేం వచ్చింది?”

“ఏమీ రాలేదు. ముందు వ్యాను నెమ్మదించింది, అంతే. బావ ఎడంకాలితో బ్రేకు తొక్కాడు.”

“ఎడంకాలితోనా?”

“క్లచ్ లేని కొత్త బండి అడిగి మరీ వేయించుకున్నాడుగా. ఎందుకనుకున్నావు? అందులో ఎడంకాలికి పనుండదు. కుడికాలు నొప్పని బ్రేకు ఎడంకాలికి మార్చాడు. కానీ ఆ కాలికి పందొమ్మిదేళ్లుగా క్లచ్ తప్ప ఇంకోటి తెలీదక్కా. క్లచ్చంటే ఒక్క తొక్కున అడుగుదాకా తొక్కడమే. మెత్తగా వెయ్యడం దానికి రాదు. బండి ఎగిరి ఆగింది. జనం అరుస్తున్నారు. నా నోట్లోంచి కుక్క అని వచ్చేసింది. తర్వాత డిపోకిచ్చిన కాయితం మీద కూడా అదే రాశాను.”

“వెనకాల లారీ ఉండుంటే?”

తమ్ముడు తాళాలు జేబులో వేసుకుని లేచాడు.

భార్య లోపలికి వెళ్లింది. డ్రైవరు మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెమటలు పోస్తున్నాయి. నొప్పి మాత్రల కాయితం చించి కిటికీలో పడేశాడు. ఆమె బూటుని మంచం మీద పెట్టింది. అతను బూటుని చూశాడు, ఆమెని చూశాడు, గుమ్మంలో నిలబడ్డ బావమరిదిని చూశాడు. ఇక చెప్పడానికేమీ మిగల్లేదని అర్థమైంది.

“సెలవు పెట్టండి,” అంది.

“పెడితే బోర్డు.”

“బోర్డుకే వెళ్లండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మందు సరిగ్గా వాడితే తగ్గే జబ్బే కదా, మళ్లీ బండి ఇస్తారేమో.”

“ఎవరికిచ్చారు? ఒక్కడి పేరు చెప్పు. గోడౌనులో ముగ్గురున్నారు. ముగ్గురూ నాకంటే బాగా నడిపినవాళ్లే. వాళ్లని ఇప్పుడెవరైనా డ్రైవరంటారా? సుద్దముక్క అంటారు.” మంచం పట్టెని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. “నాకు ఇంకేం వచ్చు చెప్పు. ఆ సీట్లో కూర్చుంటేనే నేను మనిషిని. దిగితే ఇదిగో, ఈ వేలు ఉంది, నేను లేను.”

ఆమెకి ఏడుపొచ్చింది. అతని చెయ్యి పట్టుకోవాలనిపించింది. కానీ రెండు పళ్లు పోయిన ఆవిడ, ఎవరో, ఏ ఊరో, ఆ గదిలోనే ఎక్కడో కూర్చుని చూస్తున్నట్టనిపించింది.

“మరి ఆ బస్సులో వాళ్లు మనుషులు కారా?” అంది.

“అయితే ఫోన్ చెయ్యి. డిపో నంబరు నీ దగ్గరుందిగా. నా మొగుడు కుంటివాడు, బండి ఇవ్వకండని చెప్పు. చెప్పి, ఆ తర్వాత నాతో ఎలా కాపురం చేస్తావో చూద్దాం.”

ఆమె ఫోను తీసింది. నంబరు కూడా తెర మీదికి తెచ్చింది. వేలు అక్కడే ఆగిపోయింది. నొక్కితే ఇతను బతికినన్నాళ్లూ క్షమించడు. నొక్కకపోతే నలభై మందితో ఆ బండి కదులుతుంది.

“అమ్మాయ్,” వంటింట్లోంచి గరిటె పట్టుకుని అత్తగారు వచ్చారు. “సంసారంలో నిప్పులు పోసుకోకు. రిపోర్టులో ఏమీ లేదని రాసుందా లేదా? వాడికి నడపాలనుంది, నడపనీ.”

అత్తగారి వెనకే మాంసం ఉడుకుతున్న వాసన వచ్చింది.

డ్రైవరు మంచం మీద కూర్చుని బూటులో కాలు దూర్చాడు. పెదవి కొరుక్కుని, కళ్లు మూసుకుని, ఒక్కొక్క వేలూ లోపలికి పంపాడు. రెండో బూటు సంచిలోంచి తమ్ముడే తీసిచ్చాడు. అక్క వైపు చూడకుండా బావ భుజం కిందకి చెయ్యేసి మెట్లు దింపాడు. స్కూటరు వెళ్లిపోయింది.

ఆమె ఇంకా ఫోను పట్టుకునే నిలబడింది. తెర మీద వెలుగు ఆరిపోయింది.

ఒంటిగంట కాగానే కళ్లద్దాల దుకాణానికి ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పింది. జడ సరిచేసుకుంది. ఎక్కడికని అత్తగారు అడుగుతున్నా జవాబివ్వకుండా మెట్లు దిగింది.

బస్టాండులో ఐదో నంబరు ప్లాట్‌ఫాం దగ్గర బండి నిలబడి ఉంది. సీట్లు దాదాపు నిండిపోయాయి. డ్రైవరు వెనక మొదటి సీట్లో, కిటికీ పక్కన ఒక పెద్దావిడ ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ పక్క చోటు ఖాళీ. భార్య వెళ్లి అందులో కూర్చుంది.

తమ్ముడు టికెట్లు కొట్టుకుంటూ ముందుకొచ్చి, ఆమెని చూసి కొయ్యబారిపోయాడు.

“అక్కా! నువ్వెక్కడికి?”

“చివరిదాకా. టికెట్టివ్వు.”

“అక్కా, బావ చూస్తే...”

“చూడాలనే కూర్చున్నా. ఇవ్వు.”

తమ్ముడు టికెట్టు చింపిచ్చాడు. అప్పుడే డ్రైవరు తలుపు కడ్డీ రెండు చేతుల్తో పట్టుకుని ఎక్కాడు. ఎక్కడంలో కుడికాలు మెట్టుకి తగలకుండా గాల్లోనే ఉంచాడు. సీట్లో కూర్చుని, ఊపిరి పీల్చుకుని, లోపలి అద్దం సరిచేసుకున్నాడు. అద్దంలో భార్య మొహం కనిపించింది.

తాళం తిప్పబోయిన చెయ్యి ఆగింది.

“నువ్వేంటిక్కడ?” అద్దంలోకే చూస్తూ, గొంతు తగ్గించి అడిగాడు.

“ప్రయాణం.”

“ఎక్కడికి?”

“మీరు తీసుకెళ్లిన చోటికి.”

“అల్లరి చెయ్యకు. దిగు.”

“టికెట్టు కొనుక్కున్నాను. ఎందుకు దిగాలి?”

“ఇంట్లో మాట్లాడుకుందాం. ముందు దిగు.”

“ఇంట్లో మాట్లాడే వచ్చాను. మీరు నడపగలనన్నారుగా. నడపగలిగితే నేను ఇక్కడ కూర్చుంటే తప్పేంటి?”

మైకులో కంట్రోలరు ఐదో నంబరు బండి టైమైందని చెబుతున్నాడు. వెనకాల ఎవరో తలుపు మీద కొట్టారు. తమ్ముడు విజిలు నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదడం లేదు.

డ్రైవరు వెనక్కి తిరిగాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నొప్పికో, కోపానికో అతనికే తెలీదు.

“నీకు దణ్ణం పెడతాను,” అన్నాడు. “నువ్వు ఈ బండిలో వద్దు. దిగిపో.”

కిటికీ పక్కన పెద్దావిడ ఇందాకట్నుంచీ ఇద్దరి మాటలూ వింటూనే ఉంది. ఒళ్లో సంచిని దగ్గరికి లాక్కుని, సీటు కడ్డీ పట్టుకుని ముందుకి వంగింది.

“ఆవిణ్ణొక్కదాన్నే దిగమంటున్నావేం బాబూ?” అని అడిగింది. “మరి మేమో?”